మద్దెల నిజంగానే ఓడైతే

ఆడలేక మద్దెల ఓడు అందట వెనకటికి ఒకామె. పని చెడిపోయిన ప్రతిసారీ ఇంట్లో పెద్దవాళ్లు మన మీద విసిరే సామెత ఇది. పనిముట్టును తిట్టడం మాని నీ చేతి సంగతి చూసుకో అని దాని అర్థం. పదిలో తొమ్మిదిసార్లు సరైన మాటే. ఆ పదోసారి మాత్రం మద్దెల నిజంగానే ఓడై ఉంటుంది. నా విషయంలో అదే జరిగింది.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న రోజులు. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఇంట్లో చిన్న చిన్న సర్క్యూట్లు చేసుకునేవాణ్ని. చేతిలో ఉన్నది 25 వాట్స్ మామూలు సోల్డరింగ్ ఐరన్. ఉదయం పెట్టిన అతుకులు వెండిలా మెరిసేవి. రాత్రి భోజనాలయ్యాక పెట్టినవి బూడిదరంగు తిరిగి, పూసకట్టిన నెయ్యిలా ఉండేవి. మర్నాడు వేలితో కదిపితే ఊడొచ్చేవి. మా వీధి చివర రేడియోలు బాగుచేసే బాబాయిగారికి చూపిస్తే, "డ్రై సోల్డర్ కొట్టిందిరా. చెయ్యి తిరగాలి, తొందరేముంది" అన్నారు. పగలంతా తిరిగి రాత్రికి అలిసిపోతున్నాను కాబోలు అనుకున్నాను. పోనుపోను నాకు చేతిపని అబ్బదని తీర్మానించేసుకున్నాను. కాలేజీ ప్రాజెక్టుల్లో సర్క్యూట్ గీసే పని నేను తీసుకుని, సోల్డరింగ్ స్నేహితుడికి వదిలేసేవాణ్ని. అలా రెండేళ్లు.

ఒక రాత్రి, మల్టీమీటర్ కొత్తగా కొన్న సరదాలో కనపడిన ప్రతిదాన్నీ కొలుస్తూ గోడ సాకెట్‌ని కూడా కొలిచాను. 180 చూపించింది. ఉదయం చూస్తే 230. ఊరంతా లైట్లు, ఫ్యాన్లు, టీవీలు వేసుకునే వేళకి ఓల్టేజి దిగిపోతోంది. టీవీకి స్టెబిలైజర్ ఉంది, నా ఐరన్‌కి లేదు. ఐరన్‌లో ఉండేది ఒట్టి నిక్రోమ్ తీగ. దాని వేడి ఓల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 180ని 230తో భాగించి వర్గం చేస్తే 0.61. అంటే నా 25 వాట్స్ ఐరన్ రాత్రయ్యేసరికి 15 వాట్స్ ఐరన్ అయిపోతోంది. రెండేళ్లుగా నా చేతికి అంటగట్టిన తప్పు కరెంటు తీగలోది!

ఇది ఎందుకు చెప్పానంటే, "మొదట చవకది కొనుక్కో, చెయ్యి తిరిగాక మంచిది కొనొచ్చు" అని చాలామంది సలహా ఇస్తుంటారు. నా దృష్టిలో అది తలకిందుల సలహా. ముప్పై ఏళ్లుగా టీవీలు బాగుచేస్తున్న మనిషి ఎలాంటి ఐరన్ ఇచ్చినా పని కానిచ్చేస్తాడు. బిట్ (ఐరన్ మొన) చల్లబడిందని లెడ్ (సోల్డర్ తీగ) కరిగే తీరు చూసి చెబుతాడు, మితిమీరి కాగిందని పొగ చూసి చెబుతాడు. కొత్తవాడికి ఆ కన్ను ఇంకా రాలేదు. అతుకు చెడితే తప్పు చేతిదో, లెడ్‌దో, బిట్‌దో, కరెంటుదో తేల్చుకోలేడు. తేలనప్పుడు మనలో చాలామందిమి ఆ తప్పు నెత్తిన వేసుకుని, "ఇది మనవల్ల కాదు" అని లేచిపోతాం. కాబట్టి మొదటి సోల్డరింగ్ స్టేషన్‌ని ఎంచుకునేటప్పుడు నేను ఒక్కటే చూడమంటాను. రేపు అతుకు చెడితే మీ అనుమానం దాని మీదికి పోయే అవసరం ఉండకూడదు. అలాంటిది కొనడానికి ఆస్తులమ్ముకోనక్కర్లేదు.

మొన్నామధ్య మా మేనల్లుడు ఫోన్ చేశాడు. విజయవాడలో ఇంజినీరింగ్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటాడు.

"మావయ్యా, సోల్డరింగ్ స్టేషన్ ఎన్ని వాట్స్‌ది కొనమంటావు? 60 చాలా, 90 తీసుకోనా?"

"దాంతో ఏం చేస్తావో ముందు చెప్పు."

"ఆర్డినో బోర్డులు, సెన్సర్లు. సీనియర్లు డ్రోన్ పని కూడా చేయిస్తారట."

"సరే. మీ అమ్మమ్మ దోసెల పెనం గుర్తుందా?"

అటువైపు కాసేపు చప్పుడు లేదు. మావయ్యకి వయసు మీద పడుతోందని అనుకుని ఉంటాడు.

దోసెలు వేసే ఎవరికైనా తెలిసిన సంగతే ఇది. పల్చటి పెనం ఇట్టే కాగుతుంది. మొదటి గరిటె పిండి పడగానే చల్లబడిపోతుంది, దోసె పాలిపోయి అంటుకుంటుంది. బరువైన ఇనప పెనం కాగడం ఆలస్యం, పిండి పడ్డాక మాత్రం వేడి దిగనివ్వదు. కింద మంటది వేరే లెక్క. ఒక దోసె తీసి ఇంకోటి వేసేలోపు పోయిన వేడిని తిరిగి అందించేది అది. సోల్డరింగ్‌లో పెనం అంటే బిట్, మంట అంటే వాట్స్. బిట్ ముక్కు రాగికి తగిలిన క్షణమే వేడి అటు పారిపోతుంది. చిన్న రెసిస్టర్ కాలైతే కాస్త, డ్రోన్ బ్యాటరీ లావు తీగైతే బోలెడు. పోయింది ఎంత తొందరగా తిరిగొస్తుందన్న దాని మీదే స్టేషన్ మంచిచెడ్డలన్నీ ఆధారపడి ఉంటాయి. డబ్బా మీద అచ్చేసిన వాట్స్ అంకె అందులో ఒక భాగం మాత్రమే.

మామూలు ఐరన్‌కి కళ్లు లేవు. ఊరికే స్టాండు మీద ఉన్నప్పుడు కాగి కాగి 400 డిగ్రీలు దాటినా దానికి తెలీదు, లావు తీగ మీద పెడితే చల్లారిపోయినా తెలీదు. స్టేషన్‌లో బిట్ దగ్గర ఒక సెన్సర్ కూర్చుని వేడిని కనిపెడుతూ ఉంటుంది. తగ్గగానే హీటర్‌కి కరెంటు అందుతుంది, చేరుకోగానే ఆగుతుంది. 60 వాట్స్ స్టేషన్ ఖాళీగా ఉన్నప్పుడు అందులో కొద్ది భాగమే వాడుకుంటుంది. మిగతాది అవసరానికి దాచుకున్న సత్తువ. మా ఊరి 180 ఓల్టుల రాత్రిలో కూడా అది పని నడిపించేది.

అయితే ఆ సెన్సర్ ఎక్కడ కూర్చుందన్నదే అసలు ప్రశ్న. మన మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు కుటుంబాలు. మొదటిది 936 రకం. జపాన్ కంపెనీ హాకో చేసిన 936 మోడల్ ఎప్పుడో ఆగిపోయింది, దాని నకళ్లు మాత్రం దుకాణాల నిండా ఉన్నాయి. ఇందులో హీటర్ ఒక పింగాణీ కడ్డీ. బిట్ ఏమో దాని మీద తొడిగే బోలు టోపీ. రెంటికీ మధ్య సన్నటి గాలి పొర. గిన్నెలో గిన్నె పెట్టి పాలు కాచినట్టు ఉంటుంది వ్యవహారం. సెన్సర్ కడ్డీలో ఉంటుంది కనక బిట్ ముక్కు చల్లబడిన కబురు దానికి ఆలస్యంగా చేరుతుంది. హాకో వాళ్ల అసలు సరుకులో ఆ సందు సరిగ్గా సరిపోతుంది, పని బాగుంటుంది. నకళ్లలో బిట్ వదులుగా కూర్చుంటే తెర మీద 350, ముక్కు దగ్గర ఎంతో దేవుడికెరుక.

రెండోది టీ12 రకం. ఇదీ హాకో పుట్టించిందే. హీటర్, సెన్సర్, బిట్ మూడూ కలిపి ఒకే పుల్లగా చేశారు. సెన్సర్ దాదాపు ముక్కు పక్కనే. స్విచ్ వేసి కుర్చీ సర్దుకునేలోపు కాగిపోతుంది, వేడి పోయిన కబురు వెంటనే అందుతుంది. స్పెయిన్ జేబీసీ స్టేషన్లదీ ఇదే సూత్రం, ఇంకా చురుకు. వాటి ధర మాత్రం మొదటి స్టేషన్ కొనేవాడికి చెప్పకపోవడమే మర్యాద.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. వెల్లర్ కంపెనీ పాత స్టేషన్లలో ఒక రకానికి తిప్పే నాబ్ ఉండదు, చిప్ ఉండదు. బిట్ అడుగున ఒక మిశ్రలోహపు బిళ్ల ఉంటుంది. ఫలానా వేడి దగ్గర దాని అయస్కాంత గుణం పోతుంది. పోగానే పిడిలోని అయస్కాంతం దాన్ని వదిలేస్తుంది, స్విచ్ తెగుతుంది. చల్లబడితే మళ్లీ పట్టుకుంటుంది. 7 అని రాసిన బిట్ వేస్తే 370 డిగ్రీలు, 8 వేస్తే 425. వేడి మార్చాలంటే బిట్ మార్చడమే. ఎక్కడైనా మూలపడి కనిపిస్తే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

మళ్లీ అసలు సంగతికొద్దాం. డబ్బాతో పాటు వచ్చే బిట్ చాలాసార్లు పెన్సిల్ ముక్కులా ఉంటుంది. చూడ్డానికి చాలా సున్నితమైన పనికి పనికొచ్చేదానిలా ఉంటుంది, కొత్తవాళ్లంతా దానికే పడిపోతారు. ఆ మొన బోర్డు మీది రాగి ప్యాడ్‌కి తగిలేది సూదిమోపినంత. వేడి దాటడానికి దారే ఉండదు. దాన్ని డబ్బాలోనే ఉంచి, 2.4 మిల్లీమీటర్ల ఉలి ముక్కు బిట్ ఒకటి అడిగి తీసుకోండి. దాని చదును భాగం ప్యాడ్‌కీ, కాలుకీ ఒకేసారి ఆనుతుంది. రోజువారీ పని చాలావరకు దాంతోనే గడిచిపోతుంది. నన్నడిగితే, రెండు వేల స్టేషన్‌కి మంచి ఉలి బిట్ వేసుకున్నవాడు ఐదు వేల స్టేషన్‌తో పెన్సిల్ ముక్కు పట్టుకున్నవాడికన్నా సుఖపడతాడు.

బిట్‌ని అరగదీయకండి. ఈ తప్పు నేను చేశాను. పాత ఐరన్లలో బిట్ ఒట్టి రాగి కడ్డీ. నల్లబడితే ఆకురాయితో రుద్ది పదును పెట్టుకునేవాళ్లం. అదే అలవాటులో నా మొదటి స్టేషన్ బిట్‌నీ రుద్దేశాను. ఇప్పటి బిట్లు లోపల రాగి, పైన ఇనప పూత. ఆ పూత పోయి ఎర్రటి రాగి బయటపడింది. కరిగిన సోల్డర్ రాగిని తినేస్తుంది. రెండు వారాల్లో బిట్ ముక్కుకి చీమ దూరేంత గుంట పడింది.

మా చిన్నప్పుడు వీధిలోకి కళాయి వేసే సాయిబు వచ్చేవాడు. నేలలో చిన్న గుంట తవ్వి, తిత్తి ఊది, ఇత్తడి గిన్నెను బాగా కాల్చేవాడు. గిన్నె కాగాక చిటికెడు నవాసారం చల్లేవాడు. తెల్లటి ఘాటు పొగ గుప్పున లేచేది. అప్పుడు తగరపు కడ్డీ తాకించి దూదితో ఒక్క చుట్టు తిప్పితే గిన్నె లోపల అద్దమయ్యేది. సోల్డరింగ్ పాఠమంతా అందులోనే ఉంది. ఆయన కాల్చింది గిన్నెను. తగరం దానంతటదే కరిగింది. మనమూ ప్యాడ్‌ని, కాలుని కాల్చాలి, లెడ్ వాటికే తాకించాలి. బిట్ మీద లెడ్ కరిగించి బొట్టులా తెచ్చి అంటించడం వల్లే సగం డ్రై సోల్డర్లు పుడతాయి. ఇక నవాసారం చేసింది మకిలి తీసే పని. మన లెడ్ తీగ కడుపులో ఉండే ఫ్లక్స్ చేసేదీ అదే. పని ముగించి స్విచ్ తీసేముందు బిట్ ముక్కుకి కాస్త లెడ్ పూసి వదిలేయండి. అది మన బిట్‌కి కళాయి. తుప్పు పట్టనివ్వదు.

నాబ్ దగ్గరికొస్తే, 60/40 (తగరం/సీసం) లెడ్ 183 దగ్గర మెత్తబడి 190కి పూర్తిగా కరుగుతుంది. 63/37 అయితే 183 దగ్గరే ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. మధ్యలో చెయ్యి వణికినా పాడయ్యే వ్యవధి తక్కువ. కొత్తవాళ్లకి అదే మంచిది. సీసం లేని మామూలు రకాలు 217 దాటాకే కరుగుతాయి. యూరప్ 2006 జులై నుంచి కొత్త ఎలక్ట్రానిక్స్‌లో సీసాన్ని కట్టడి చేశాక అవి ఎక్కువయ్యాయి. నేర్చుకునేటప్పుడు వాటి జోలికి వెళ్లకండి. 183కి కరిగేదానికి నాబ్ 350 దగ్గర ఎందుకు పెడతామంటే, వేడి రెండు మూడు సెకన్లలో బిట్ నుంచి ప్యాడ్‌కి దూకడానికి ఆ ఎత్తు కావాలి. వేడి చాల్లేదనిపిస్తే ముందు లావు బిట్ వేయండి, నాబ్ తర్వాత. 400 దాటిస్తే ఫ్లక్స్ పని చేయకముందే మాడిపోతుంది, ప్యాడ్ బోర్డు మీంచి లేచిపోతుంది. అన్నం ఉడకలేదని మంట పెంచితే అడుగంటడం తప్ప ఒరిగేదేముంది?

సెలవులకు మేనల్లుడు హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠీలో గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాను. జేబులో మల్టీమీటర్, ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ముక్కలు. పైతొడుగు తీసి, రెండేసి ముక్కలు మెలేసి ఉంచాం. దుకాణదారుడు రెండు స్టేషన్లు బల్ల మీద పెట్టాడు. ఒకటి 936 నకలు, ధర రెండు వేలకి అటూ ఇటూ. ఇంకోటి టీ12, దానికి దాదాపు రెట్టింపు. రెండూ 350కి పెట్టించాను. మెలేసిన తీగకి ఒకవైపు బిట్ ఆనించి, ఎదురువైపు నుంచి లెడ్ తాకించమన్నాను.

టీ12తో మావాడు ఆరు లెక్కపెట్టేసరికి లెడ్ తీగ సందుల్లోకి నీళ్లలా ఇంకిపోయింది. 936తో పదిహేను దాటినా లెడ్ మెత్తబడి పిసపిసలాడిందే గానీ పారలేదు. తెర మీద మాత్రం 350 కదలకుండా నిలబడి ఉంది. "అబద్ధమాడుతోంది మావయ్యా" అన్నాడు వాడు. పాపం, అది తన దగ్గరున్న సెన్సర్ చెప్పిందే చూపిస్తోంది.

"ఇంటి వైరు తెచ్చి టెస్టు చేసినోళ్లని మిమ్మల్నే చూస్తున్న సార్" అన్నాడు దుకాణదారుడు నవ్వుతూ. విడి బిట్లు దొరుకుతాయా అని అడిగితే ఒక సొరుగంతా లాగి చూపించాడు. ఇది మరిచిపోకండి. బిట్లు దొరకని స్టేషన్ ఎంత గొప్పదైనా ఆరు నెలల తర్వాత కాగితాల మీద పెట్టుకునే బరువే.

నాలుగు వేల దాకా పెట్టగలిగితే టీ12 కొనండి. రెండు వేలే ఉంటే 936 రకం తీసుకుని, ఉలి బిట్ బిగుతుగా కూర్చుంటోందో లేదో చూసుకోండి. దాంతోనూ ఆర్డినో పనులు హాయిగా అవుతాయి, లావు తీగల దగ్గరే మొరాయిస్తుంది. పది వేల పైమాటకి వెనకాడనివాళ్లు హాకో, వెల్లర్ అసలు సరుకు తెచ్చుకుంటే పిల్లల కాలం దాకా చూడక్కర్లేదు. యూఎస్‌బీ-సీ చార్జర్‌తో నడిచే పైన్‌సిల్ లాంటి చిన్న ఐరన్లు కూడా నాకు ఇష్టమే, సంచిలో పడుంటాయి. బల్ల మీద స్థిరంగా కూర్చుని నేర్చుకునేవాడికి మాత్రం బరువైన స్టాండు ఉన్న స్టేషనే సౌకర్యం. వేడిగాలి కూడా కలిసొచ్చే టూ-ఇన్-వన్ ఇప్పుడొద్దు. రెండు పనులూ సగం సగం చేసేది దొరుకుతుంది.

కొంత డబ్బు లెడ్‌కి మిగుల్చుకోండి. మన దుకాణాల్లో గేజి లెక్కన అడగాలి. 22 గేజి, అంటే 0.7 మిల్లీమీటర్లు, బోర్డు పనికి సరిపోతుంది. పేరులేని చవక చుట్టలో తగరం ఎంత ఉందో చెప్పేవాడు ఉండడు, దానితో చెడిన అతుకులకి మళ్లీ మీ చేతినే తిట్టుకుంటారు. బిట్ తుడిచే స్పాంజి పిండి తడిగా ఉంచితే చాలు, బోరు నీళ్లకన్నా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ మేలు. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోకండి, అతుకు చల్లబడుతుంది. పొగ ఫ్లక్స్‌ది. ఎక్కువ కాలం పీలిస్తే ఉబ్బసం తేవచ్చు కాబట్టి కిటికీ పక్కన కూర్చోండి. సీసం ఆ వేడికి ఆవిరి కాదు గానీ వేళ్లకి అంటుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే కాఫీ గ్లాసు ముట్టుకోండి.

చివరిది ఎర్తింగ్. దుకాణంలో ప్లగ్గు పీకించి, దాని లావు పిన్నుకీ బిట్ ముక్కుకీ మధ్య రెసిస్టెన్స్ కొలిచాను. 1 ఓమ్ లోపే వచ్చింది. 2 దాటకూడదు. కొన్ని చవక రకాల్లో ఆ తీగ లోపల ఎక్కడా కలపకుండా వదిలేస్తారు, మీటర్ ఏమీ చూపించదు. అలాంటిది ఊరికే ఇచ్చినా తెచ్చుకోకండి. ఎర్త్ లేని బిట్ మీద పదుల ఓల్టుల లీకేజి తేలుతూ ఉంటుంది. చాలా మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్ల గేటు 20 ఓల్టులకు మించి తట్టుకోదు. అతుకు అద్దంలా ఉంటుంది, బోర్డు పని చేయదు, మీరు మళ్లీ మీ చేతిని అనుమానిస్తారు.

స్టేషన్‌కి ఎర్త్ ఉంటే సరిపోదు, గోడకీ ఉండాలి. విజయవాడ వెళ్లాక మావాడు హాస్టల్ ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ విప్పించి చూస్తే మూడో రంధ్రం వెనక తీగే లేదు. వారం రోజులు వార్డెన్ చుట్టూ తిరిగి వేయించుకున్నాడు. అందాకా స్టేషన్ అట్టపెట్టె విప్పలేదు. మీరూ కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీ బల్ల పక్క సాకెట్ ఒకసారి చూపించుకోండి.